వినబడని తీగ

బుధవారం పొద్దున ఏడున్నరకు ఆ ఇంట్లో అనుకున్న పనులు మూడు. తొమ్మిదింటికి మేస్త్రి వచ్చి, వాలిపోయిన గేటు స్తంభాన్ని పీకేసి, దాని పక్కనే రెండున్నర అడుగుల గుంట తవ్వి కొత్త స్తంభం నిలబెట్టాలి. పదకొండింటికి అమ్మాయి మేడ మీద గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇవ్వాలి. ఈ రెండూ సవ్యంగా జరుగుతుండగా, సెలవు పెట్టుకున్న ఇంటాయన వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకోవాలి. ఆ మూడో పని ఒక్కటీ అనుకున్నట్టు జరిగి ఉంటే, మిగతా రెండింటి గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఇంటాయన మున్సిపాలిటీలో చేసేది కాస్త చిత్రమైన ఉద్యోగం. ఊళ్లో ఎవరు ఎక్కడ రోడ్డు తవ్వాలన్నా ముందు ఆయన వెళ్లాలి. నేల కింద కరెంటు తీగ ఎటు పోతోందో, నీళ్ల పైపు ఎటు తిరిగిందో మిషనుతో కనిపెట్టి, పైన రంగు గీతలు గీసి రావాలి. కరెంటుకు ఎరుపు, నీళ్లకు నీలం. ఇరవై నాలుగేళ్లుగా గీస్తూనే ఉన్నాడు. అందుకని వీధిలో ఆయన్ని అందరూ గీతలాయన అంటారు. ఆయన గీసిన చోట ఇంతవరకూ ఒక్క తీగ తెగలేదు, ఒక్క పైపు పగల్లేదు. అయితే ఈ ఉద్యోగంలో ఒక అన్యాయం ఉంది. పని బాగా చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగనందుకు ఎవరూ మెచ్చుకోరు.

ఆ దక్కని మెప్పును ఆయన ఉపన్యాసాలతో సరిపెట్టుకునేవాడు. బస్సులోగానీ, ఆస్పత్రిలో గానీ, బంధువుల పెళ్లిలో గానీ ఎవరి నోటినుంచైనా ‘తవ్వకం’ అన్న మాట జారితే చాలు, ఆ మనిషి నలభై నిమిషాల దాకా ఇంకో పని చేసుకోలేడు. భార్యకు ఆ ఉపన్యాసం ఎంత కంఠతా వచ్చేసిందంటే, ఆయన దగ్గు వచ్చి ఆగితే తర్వాతి వాక్యం ఆవిడే అందించేది. ఆవిడ భయపడేది ప్రపంచంలో ఆ ఒక్కదానికే.

ఇక అమ్మాయి సంగతి. చదువు అయ్యాక ఎనిమిది నెలలుగా ఇంట్లో ఉంది. పెట్టుకున్న దరఖాస్తులు ముప్ఫై ఒకటి. అందులో ఇరవై ఆరింటికి జవాబే లేదు. నాలుగు చోట్ల రెండో మెట్టు దాకా పిలిచి పంపేశారు. ఈ కంపెనీలో మాత్రం చివరి మెట్టు దాకా వచ్చింది. ఈ మధ్య చుట్టాలు ఎవరైనా వస్తే మేడ దిగడం మానేసింది. అది తండ్రి చూస్తూనే ఉన్నాడు. ధైర్యం చెబుదామంటే ఆయనకు వచ్చిన మాటలన్నీ తీగల గురించీ పైపుల గురించీ. అందుకే ఈ రోజు ఆ ఇంటర్వ్యూకి ఏ ఆటంకమూ రాకుండా చూడటం తన వంతు అనుకుని, ఆఫీసులో సంతకం పెట్టి మిషను ఇంటికి తెచ్చుకుని మరీ సెలవు పెట్టాడు.

ఎనిమిదిన్నరకు టీ కోసం కిందికి వచ్చిన అమ్మాయితో అన్నాడు. “ఇంటర్నెట్ తీగ గేటు కిందనుంచే వస్తుంది. దాని మీద ఈగ వాలనివ్వను. నువ్వు నిశ్చింతగా మాట్లాడుకో.”

అమ్మాయి తల్లి వైపు ఒకసారి చూసింది. “తీగ గురించి నువ్వేం బెంగ పెట్టుకోకు నాన్నా. నిజంగా.”

పిల్ల తనకే ధైర్యం చెబుతోందని ఆయన గుండె పొంగిపోయింది. తల్లి మాత్రం పొయ్యి మీద ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్లింది.

మేస్త్రి చెప్పిన వేళకే వచ్చాడు. అసలు అదే ఒక అపశకునం. గేటు పక్కన గులాబి మొక్క కుండీ ఒకటి అడ్డంగా ఉంటే జరిపి, గునపం ఎత్తాడు.

“ఆగు!” అన్నాడు గీతలాయన.

మేస్త్రి గునపం గాల్లోనే ఆపాడు. “ఏం సార్?”

“కింద ఏముందో తెలుసా?”

“మట్టి సార్.”

“ఆ మట్టి కింద?”

మేస్త్రి కాసేపు ఆలోచించాడు. “ఇంకా మట్టి సార్.”

“ఇరవై నాలుగేళ్లుగా ఈ మాటే వింటున్నాను” అన్నాడు గీతలాయన. ఉపన్యాసం మొదటి వాక్యం అదే. వంటింట్లోంచి భార్య పరుగులాంటి నడకతో వచ్చింది.

“అక్కడేం లేదండీ. తవ్వనీండి పాపం.”

“లేదని నీకెలా తెలుసు?”

“ఏమో మరి... నాకు తెలుసు.”

“తెలుసు అన్నవాళ్లే తెగ్గొడతారు” అన్నాడు ఆయన. ఉపన్యాసం రెండో వాక్యం అది. ఆవిడ ఇంక మాట్లాడకుండా మేస్త్రికి కాఫీ తేవడానికి వెళ్లింది. పని మొదలుకాకముందే కాఫీ ఇవ్వడం ఆవిడ పద్ధతి కాదు. ఆ సంగతి మేస్త్రి గమనించాడు గానీ, గమనించాల్సిన మనిషి గమనించలేదు.

మిషను పసుపు రంగులో, పిడి ఉన్న పొడుగాటి పెట్టెలా ఉంటుంది. చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, దాన్ని నేలకు జానెడు ఎత్తులో అటూ ఇటూ ఊపుతూ నడవాలి. కింద కరెంటు ప్రవహిస్తుంటే చెవిలో జుమ్మని మోగుతుంది. ఇదంతా మేస్త్రికి చెప్పి, అసలు చిక్కు కూడా చెప్పాడు. “ఇంటర్నెట్ తీగలో ఉండేది గాజు. గాజు మోగదు. దాన్ని నేరుగా పట్టుకోలేం. కానీ వాళ్లు వేసినప్పుడు ఇచ్చిన కాగితంలో రాశారు, కరెంటు తీగకు ఎడమవైపు జానెడు దూరంలో వేశామని. కరెంటు తీగ దొరికితే ఇదీ దొరికినట్టే.”

“మీరు దగ్గరుండి వేయించలేదా సార్?”

“ఆ రోజు నేను వేరే వీధిలో గీతలు గీస్తున్నాను.”

గేటు దగ్గర నాలుగుసార్లు తిరిగాడు. మిషను నోరు మెదపలేదు. ఇంట్లో ఆ వేళకు ఏదీ వాడటం లేదు. కరెంటు పారకపోతే తీగ పలకదు. దాంతో ఆయన వాకిట్లోంచే కేకలు మొదలుపెట్టాడు. “గీజరు వెయ్యి! ఇస్త్రీ పెట్టె పెట్టు! బట్టల మిషను తిప్పు! మిక్సీ కూడా!”

“మిక్సీలో ఏం వెయ్యనండీ?”

“ఏమీ వద్దు, ఊరికే తిప్పు!”

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఒక్క బల్బు అనవసరంగా వెలగనిచ్చిన మనిషి కాదు. అయినా ఆ రోజు ఏ కారణం చేతనో చెప్పిందల్లా చేసింది. మిషను సన్నగా మూలిగింది. సంతోషించేలోపే పక్కింటి వైపునుంచి ఇంకో మూలుగు వచ్చి దాంతో కలిసిపోయింది. ఏది తన ఇంటిదో, ఏది పక్కింటిదో తేలలేదు. తేలాలంటే పక్కింటి తీగను గట్టిగా పలికించాలి. పద్ధతి ప్రకారం అదే సరైన పని. ఆ వీధిలో దాన్ని చేయబోవడమే పొరపాటు.

పక్కింట్లో ఉండేది రిటైరైన డ్రాయింగు మాస్టారు. మెడలో హెడ్‌ఫోను, ఒక చేతిలో మిషను, ఇంకో చేతిలో ఎర్ర రంగు డబ్బా పట్టుకుని గీతలాయన తలుపు కొట్టేసరికి ఆయన గడ్డం గీసుకుంటున్నాడు.

“మాస్టారూ, మీ ఇంట్లో స్విచ్చులన్నీ ఒక్కసారి వెయ్యండి. మీ కరెంటు ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో వినాలి.”

మాస్టారి ముఖాన సబ్బు నురగ ఉండబట్టి రంగు మారడం కనబడలేదు. “వినడమేమిటండీ?”

“ఈ మిషనుకు అన్నీ వినబడతాయి. నేల కింద ఎవరేం వేసుకున్నా సరే. ఏదీ ఆపొద్దు. అన్నీ వెయ్యండి.”

మాస్టారు ఎనిమిదేళ్ల క్రితం, మీటరుకు ముందే ఒక తీగ కలిపి, పెరట్లో పాతిపెట్టి, బావి మోటారుకు ఇచ్చుకున్నాడు. ఆ సంగతి ఆయనకూ, మోటారుకూ తప్ప మూడోవాళ్లకు తెలియదు. ఇప్పుడు మున్సిపాలిటీ మనిషి మిషనుతో ఇంటి ముందు నిలబడి నేల కింద అన్నీ వినబడతాయంటున్నాడు. మాస్టారు “అలాగే” అని తలుపు వేసి, స్విచ్చులు వేయడం మాట అటుంచి, ఇంటి మెయిను తీసేశాడు. తర్వాత ఎదురింటి టైలరమ్మకు ఫోన్ చేశాడు. వీధి సంఘం అధ్యక్షుడికీ చేశాడు. ఆపద వస్తే ఒకళ్లకొకళ్లు చెప్పుకోవాలని సంఘం నియమాల్లో ఉంది.

“తనిఖీ” అన్నాడు మాస్టారు. “మన గీతలాయనకే అప్పగించారు. ముందు తన ఇంటినుంచే మొదలుపెట్టాడు, అనుమానం రాకుండా.”

పావుగంటలో వీధి మొత్తం మెయిన్లు తీసేసింది. ఏ తప్పూ చేయనివాళ్లు కూడా తీసేశారు. అధ్యక్షుడి ఇంటినుంచి ఫోన్ వచ్చాక తీయకుండా ఉండటానికి ఎవరికి ధైర్యం?

ఆ విధంగా వీధిలో కరెంటు పారడం ఆగిపోయింది, ఒక్కచోట తప్ప. మాస్టారు మెయిను తీశాడు గానీ, ఆ మోటారు మెయినుకు సంబంధించింది కాదు కదా. అది మీటరుకు ముందే కలిపింది. పెరట్లో నిమ్మళంగా తిరుగుతూనే ఉంది. గీతలాయన మళ్లీ హెడ్‌ఫోను పెట్టుకునేసరికి ఇన్ని మూలుగుల గందరగోళమంతా పోయి, ఒకే ఒక్క శ్రుతి శుద్ధంగా వినబడింది. ఆ పనిలో ఇంత స్పష్టమైన చప్పుడు ఆయన ఎన్నడూ వినలేదు. పరవశించిపోయి, ఆ చప్పుడు వెంట ఎర్ర గీత గీసుకుంటూ గోడవారగా నడిచాడు. గీత మాస్టారి పెరటి గోడ దగ్గర ఆగింది.

“ఇది మ్యాపులో లేదే” అన్నాడు పైకే.

గోడ అవతల నిలబడి ఉన్న మాస్టారు కూలబడ్డాడు.

కాసేపటికి తేరుకుని, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, గీతలాయన దగ్గరికి వచ్చాడు. “చూడండి, మనం ఇన్నేళ్లుగా ఇరుగుపొరుగు. ఎనిమిదేళ్ల కిందటి మాట. అప్పుడు మా ఆవిడకు నీళ్లు తోడి తోడి నడుం పట్టేసింది. తప్పే, కాదనను. మీరే ఏదో ఒకటి చెయ్యాలి” అని మొదలుపెట్టి, తీగ ఎక్కడ కలిపాడో, ఎంత లోతున పాతాడో, ఎక్కడ అతుకు వేశాడో సహా చెప్పుకొచ్చాడు. గీతలాయన చెవులకు హెడ్‌ఫోను ఉంది. మాస్టారు పెదవులు కదుపుతున్నది మాత్రం కనబడింది. మర్యాద కోసం మూడుసార్లు తలూపాడు. చివర్లో చెయ్యెత్తి, “ఇంకా చూడాల్సిన ఇళ్లున్నాయి మాస్టారూ” అన్నాడు.

తర్వాతి ఇల్లు టైలరమ్మది. తన ఇంటి నీళ్ల పైపు రోడ్డు దాటి వచ్చేది ఆమె గేటు ముందునుంచే గనక, దాన్ని కూడా తేల్చేసుకుందామని వెళ్లాడు. మిషనును పైపుల మీటకు మార్చి నీలం గీత గీస్తూ పోతుంటే, ఉన్న పైపుకు పక్కనుంచి ఒక కొమ్మ చీలి టైలరమ్మ గేటు కిందకు దూరింది. వృత్తి ధర్మంగా దాన్నీ గీశాడు. గీసి, తల గోక్కున్నాడు.

టైలరమ్మ కొలత టేపు మెడలోనే ఉండగా బయటికి వచ్చింది. “అన్నయ్యగారూ, అది నేను వేయించింది కాదు. మాకు ముందున్నవాళ్లు వేయించారు.”

“ఏది?”

“ఏదీ కాదు” అంది ఆమె, తలుపు మూసింది.

అధ్యక్షుడు ఇంటికి రాకుండా రోడ్డు మీదే ఎదురుపడ్డాడు. ఆయన ఇంటి ముందున్న వీధి దీపంనుంచి నేలలోగుండా ఒక తీగ ఆయన హాల్లోని చేపల తొట్టెకు వెళుతుంది. వీధి దీపాలు వెలిగినంతసేపూ ఆ చేపలకు గాలి అందుతుంది. పగలు అవి ఎలా నెట్టుకొస్తున్నాయో వాటికే తెలియాలి. “మీ సేవలు సంఘం మరచిపోదు” అన్నాడు అధ్యక్షుడు. ఇరవై నాలుగేళ్లలో గీతలాయనతో ఒక మనిషి అన్న మొదటి మంచి మాట అది. ఆయన రంగు డబ్బా కింద పెట్టి దండం పెట్టాడు. “నా పని నేను చేస్తున్నానండీ. మీ ఇంటి ముందు కూడా చూస్తాను” అన్నాడు కృతజ్ఞతగా.

పది దాటింది. ఎన్ని తిరుగుళ్లు తిరిగినా మాస్టారి చప్పుడు తప్ప ఇంకేదీ వినబడటం లేదు. ఆఖరికి తన ఇల్లు కూడా మౌనం పట్టింది. వీధి అంతా మెయిన్లు తీసిందని విని భార్య కూడా మనకెందుకని తీసేసింది. అది తెలియక ఆయన కరెంటు పోయిందనుకుని విద్యుత్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. వాళ్లు మీ వీధికి కరెంటు ఉంది అన్నారు. ఉంటే వినబడాలి కదా అని ఈయన పట్టుబట్టాడు. కరెంటును వింటానన్న మనిషితో వాదించడం ఎందుకని వాళ్లు ఎవరినైనా పంపిస్తామన్నారు.

ఆయన ఫోన్ పెట్టేసి, మేడ మీదకు వినబడేలా భార్యకు చెప్పాడు. “కరెంటు డిపార్టుమెంటు వాళ్లు వస్తున్నారు! గంటలో ఇక్కడుంటారు!”

మేడ మీదకు వినబడిందో లేదో గానీ వీధి చివరిదాకా వినబడింది.

అప్పటినుంచీ ఇళ్ల వెనక ఏవో చప్పుళ్లు మొదలయ్యాయి. గీతలాయన హెడ్‌ఫోనులో ఉన్నాడు గనక ఆయనకు తెలియలేదు. మేస్త్రికి తెలిసింది. వాటిని విని పోల్చుకోవడంలో అతనికి ముప్ఫై ఏళ్ల అనుభవం.

“సార్, ఎక్కడో తవ్వుతున్నారు.”

“నువ్వు మాత్రం తవ్వకు.”

“నేనెక్కడ తవ్వుతున్నాను సార్, పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాను.”

సరిగ్గా అప్పుడే టైలరమ్మ గేటు సందులోంచి మేస్త్రికి సైగ చేసింది. ఒక్క గంట పని, గేటు కింద పైపు ముక్క ఒకటి తీసెయ్యాలి, గుట్టుగా కానివ్వాలి. మేస్త్రి గీతలాయన వైపు చూశాడు. ఇక్కడ తవ్వొద్దన్నాడు, నిజమే. అక్కడ తవ్వొద్దని ఎవరూ అనలేదు. గునపం భుజాన వేసుకుని రోడ్డు దాటాడు.

పదీ యాభై అయింది. గీతలాయన మిషను ఆపి, ఒక నిర్ణయానికి వచ్చాడు. తీగ ఎక్కడుందో ఖాయంగా తెలియనప్పుడు తవ్వకూడదు. అంతే. స్తంభం రేపు పెట్టుకోవచ్చు, ఎల్లుండి పెట్టుకోవచ్చు, వాలిపోయిన గేటుతో ఒక తరం గడిపేయవచ్చు. ఇంటర్వ్యూ మాత్రం ఇవాళే. కుర్చీ తెచ్చి సరిగ్గా గుంట తవ్వాల్సిన చోటే వేసుకుని, మిషను ఒళ్లో పెట్టుకుని కాపలా కూర్చున్నాడు. పదకొండు కొట్టింది. మేడ మీద తలుపు మూసుకున్న చప్పుడు, అమ్మాయి “గుడ్ మార్నింగ్ సార్” అనడం వినబడ్డాయి. ఒక తీగను కాపాడినందుకు ఆయనకు అంత తృప్తి ఎప్పుడూ కలగలేదు.

పదకొండూ పదికి టైలరమ్మ గేటు కింద మేస్త్రి గునపం పైపులో దిగింది. నీళ్లు మేడ ఎత్తున లేచాయి. ఆరేసిన కొత్త జాకెట్లన్నీ ఒకేసారి తడిసిపోయాయి. గీతలాయన కుర్చీలోంచి లేచాడు.

పదకొండూ పన్నెండుకు మాస్టారి పెరట్లో ఫట్టుమని పేలింది. తాను వేసిన అతుకు తానే పీకుదామని తవ్వుతూ, అది బతికే ఉందన్న సంగతి మరిచిపోయి మాస్టారు గునపంతో పొడిచాడు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఇంకో ఫట్టు వినబడింది. ఈసారి కరెంటు నిజంగానే పోయింది.

గీతలాయన గోడ దూకాడు. యాభై రెండేళ్ల వయసులో, మిషను చేతిలో ఉండగా దూకాడు. మాస్టారు మట్టిలో చతికిలబడి ఉన్నాడు. పక్కన పడి ఉన్న గునపం కొస అర అంగుళం కరిగిపోయింది. గీతలాయన ఉపన్యాసం ఇవ్వలేదు. మాస్టారి రెండు చేతులూ తిప్పి తిప్పి చూశాడు, వేళ్లు కదిలించమన్నాడు, కళ్లలోకి చూశాడు. ఏమీ కాలేదు. గునపం పిడికి గుడ్డ చుట్టి ఉంది, కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. “చచ్చిపోయేవారు మాస్టారూ” అన్నాడు. ఆ చేతుల్ని మళ్లీ ఒకసారి తిప్పి చూశాడు. “చచ్చిపోయేవారు.” మాస్టారు ఎనిమిదేళ్ల తర్వాత మొదటిసారి మనస్ఫూర్తిగా ఏడ్చాడు.

పదకొండూ పద్నాలుగుకు అధ్యక్షుడు చేపల తొట్టె తీగ అనుకుని బలంగా లాగినది వీధి మొత్తానికి ఇంటర్నెట్ తెచ్చే గాజు తీగ. ఇది పేలలేదు, చిమ్మలేదు. ఇంతకుముందే చెప్పుకున్నాం, దానికి గొంతు లేదు. అధ్యక్షుడు రెండు ముక్కలూ రెండు చేతుల్లో పట్టుకుని రోడ్డు మీదకు వచ్చి, “ఇదేమిటి?” అని అడిగాడు.

గోడ ఎక్కి దిగుతున్న గీతలాయన ఆ ముక్కల్ని చూశాడు. చూసి, మేడ మీది కిటికీ వైపు చూశాడు. ముప్ఫై ఒక్క దరఖాస్తులు, ఎనిమిది నెలలు, మేడ దిగని పిల్ల. ఒక్క గుంట పడకుండా చూడాలని పొద్దున్నుంచీ అల్లాడితే, తన మూలానే మూడు గుంటలు పడ్డాయి. ఎవరు ఎందుకు తవ్వారో ఆయనకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. కానీ అందరూ తన మిషను వైపు, తను గీసిన గీతల వైపు చూస్తున్న చూపులు అర్థమయ్యాయి.

ఈ స్థితిలో విద్యుత్ ఆఫీసు మనిషి మోటారు సైకిలు మీద వచ్చాడు. రోడ్డంతా నీళ్లు, ఆ నీళ్లలో ఎర్ర గీతలూ నీలం గీతలూ. ఒక మాస్టారు, ఒక టైలరమ్మ, ఒక అధ్యక్షుడు మట్టి కొట్టుకుని నిలబడి ఉన్నారు.

“కరెంటు పోయిందని ఫోన్ చేసింది ఎవరండీ?”

“నేనే” అన్నాడు గీతలాయన.

“ఎన్నింటికి?”

“పదింపావుకు.”

“పోయింది ఎన్నింటికి?”

గీతలాయన అబద్ధం చెప్పలేని మనిషి. “పదకొండూ పన్నెండుకు.”

ఆఫీసు మనిషి ఆ రెండు సమయాలూ పుస్తకంలో రాసుకుని, వాటి కేసి చాలాసేపు చూశాడు. ఇంకేదో అడిగేలోపే మాస్టారు ముందుకు వచ్చి ఒప్పేసుకున్నాడు. ఆయన మొదలుపెట్టాడు గనక టైలరమ్మ ఒప్పుకుంది. ఇద్దరూ ఒప్పుకున్నాక సంఘం పరువు కోసం అధ్యక్షుడూ ఒప్పుకున్నాడు. ఫ్యూజు వేసి వెళ్లిపోదామని వచ్చిన ఆ మనిషి పెన్నులో సిరా అయిపోయింది. గీతలాయన నోరు తెరుచుకుని విన్నాడు. ఆయన అందులో ఏ ఒక్కటీ ముందు వినలేదు. అన్నీ వినే మిషను చెవులకు తగిలించుకుని తిరిగాడు కదా.

మేడ మెట్లు ఎక్కుతుంటే ఒక్కో మెట్టూ ఒక్కో అంతస్తులా ఉంది. పైన తలుపు దగ్గర భార్య గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆయన ఏదో అనబోయాడు. అప్పుడే తలుపు తెరుచుకుని అమ్మాయి బయటికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

“తీసుకున్నారు నాన్నా! సోమవారం చేరమన్నారు!”

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. “కరెంటు లేదు కదమ్మా. నెట్ కూడా...”

“కంప్యూటరులో చార్జింగ్ ఉంది. నెట్ ఫోన్‌లోది పెట్టుకున్నాను. వారం నుంచీ అదే కదా వాడుతున్నది” అంది అమ్మాయి సంతోషంలో. అని, నాలుక కరుచుకుంది.

“వారం నుంచీ ఎందుకు?”

అమ్మాయి తల్లి వైపు చూసింది. తల్లి గోడ వైపు చూసింది. ఎంతసేపు చూసినా గోడ ఏమీ సాయం చేయలేదు.

“పోయిన గురువారం” అంది ఆవిడ చివరికి, “గేటు దగ్గర గులాబి మొక్క పెడదామని కాస్త తవ్వానండీ. మీరు ఆఫీసులో ఉన్నారు. రెండు దెబ్బలే వేశాను. అది పుటుక్కుమంది. అందుకే దాని మీద కుండీ పెట్టాను. పొద్దున కూడా చెప్పాను కదా, అక్కడేం లేదని.”

“ఉన్నదాన్ని తెగ్గొట్టి లేదన్నావా?”

“తెగాక లేనట్టే కదండీ.”

“పొద్దున్నుంచీ నేను ఇంత పాటు పడుతుంటే ఒక్క మాట చెప్పొచ్చుగా!”

“చెబితే మీరు మొదలుపెడతారు” అంది ఆవిడ.

ఆయన నోరు తెరిచాడు. తల్లీ కూతుళ్లిద్దరూ ఊపిరి బిగబట్టారు. కింద ఇంకా నీళ్లు చిమ్ముతున్న చప్పుడు వినబడుతోంది. ఆయన నోరు మూసుకుని, పై మెట్టు మీద కూర్చున్నాడు. మీసం చివర కదిలింది. చూస్తుండగానే భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వడం మొదలుపెట్టాడు. ఎనిమిది నెలల తర్వాత ఆ ఇంట్లో అమ్మాయి కూడా గట్టిగా నవ్వింది. ఆ ఒక్క నవ్వు కోసం ఆయన ఇంకో మూడు వీధులు తవ్వించడానికి కూడా సిద్ధమే.

“ఇంకో విషయం నాన్నా” అంది అమ్మాయి, పక్కన కూర్చుంటూ. “ఈ ఉద్యోగం ఇంటినుంచే చెయ్యొచ్చు. ఒకటే షరతు పెట్టారు. ఫోన్ నెట్ పనికిరాదట, తీగ మీద వచ్చే నెట్టే ఉండాలట, అదీ సోమవారం లోపు. ఇంటర్వ్యూ అవగానే ఇంటర్నెట్ వాళ్లతో మాట్లాడాను. వీధి తీగ కూడా తెగిందట, దాన్ని ఇవాళే అతుకుతారట. మన ఇంటికి మాత్రం కొత్తది వెయ్యాలి. రేపు పొద్దున తొమ్మిదింటికి వస్తారు. తవ్వడానికి మనుషుల్ని కూడా వాళ్లే తెచ్చుకుంటారట.”

గీతలాయన ఫోన్ తీసి, సెలవు ఇంకొక్క రోజు పొడిగించుకున్నాడు.